పన్నెండు కణుపులు

డిప్లొమా అయ్యాక, ప్లాంటులో అప్రెంటిస్ ఏడాది ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, లెక్కల్లో వెనకబడిన పిల్లలకు మళ్లీ మొదటినుంచి చెప్పే పని ఒప్పుకున్నాను. ఈ హిందీ ఊళ్లో, ప్లాంటు క్వార్టర్లున్న మా సెక్టార్లోని తెలుగువాళ్ల సంఘం హాలు. సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర. పదకొండుమంది పిల్లలు. మొదటివారం ఏమీ చెప్పకుండా, ఎవరు ఎక్కడ తప్పుతున్నారో రాసుకున్నాను. ఒకడికి పదుల స్థానం తెలియదు. ఇంకొకడు పైనున్నా కిందున్నా పెద్ద అంకెలోంచే చిన్నది తీసేస్తాడు. ఒక అయిదో తరగతి అమ్మాయి పేరు ఎదురుగా మాత్రం 'తప్పుల్లేవు, ఆలస్యం' అని రాశాను.

ఆలస్యం ఎందుకో తెలుస్తూనే ఉంది. ఎడమచేతి బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద నడిచేది. వేలికి మూడు చొప్పున పన్నెండు. పన్నెండు దాటితే కాగితం మూల ఒక చుక్క. నాయనమ్మ నేర్పిందట. పదిహేడులోంచి తొమ్మిది తీయడానికి పద్నాలుగు సెకన్లు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి మూడుసార్లు చూశాను.

ఇప్పుడు అయిదో తరగతిలో ఫెయిల్ చేస్తున్నారు. ఆమె చెల్లి నాలుగులో ఉంది.

"ఫెయిలైతే చెల్లీ నేనూ ఒకే క్లాసు భయ్యా," అంది ఒకరోజు. "అది నాకంటే ముందే జవాబు చెప్పేస్తాది. అందరూ నవ్వుతారు."

ఇరవై ప్రశ్నల పేపర్లో, ఆ వేగంతో పన్నెండు దాటవని తేల్చాను. 'వేళ్లు మాన్పించాలి' అని నోట్‌బుక్‌లో రాసి కింద గీత గీశాను. తీసివేతల పట్టిక తయారుచేసి బట్టీ వేయించాను. చేతులు బల్లమీద బోర్లా పెట్టి చెప్పమనేవాణ్ని. బొటనవేలు కదిలితే మళ్లీ మొదటినుంచి. వేళ్ల మీద లెక్క చిన్నపిల్లల పని అని కూడా అన్నాను.

వారంలో వేళ్లు ఆగిపోయాయి. జవాబులు త్వరగా వచ్చాయి, సగం తప్పు. తర్వాత జవాబులే రాలేదు. అప్పటికి పరీక్షకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. అలవాటు మారేటప్పుడు కొంత నష్టం తప్పదని నాకు నేనే చెప్పుకుని, ఇంకా గట్టిగా బట్టీ వేయించాను.

ఫలితాలొచ్చాక వాళ్లమ్మ హాలుకి వచ్చింది.

"మాస్టారు పేపరు సూపించారు బాబూ. లెక్కలన్నీ ఎత్తి రాసింది. కింద గీతలు కూడా గీసింది. జవాబులే నేవు."

నన్ను నిలదీయడానికి రాలేదు. రెండు నెలల్లో మరో పరీక్ష పెడతారట, ఇంకాస్త కష్టపడి చెప్పమని బతిమాలడానికి వచ్చింది. తప్పు నాదని చెప్పబోయి, మీ అమ్మాయికి ఏకాగ్రత తక్కువ అన్నాను. నిజమే బాబూ అంది.

ఆ రెండు నెలలూ ఆ పిల్ల వేళ్లు ఆ పిల్లకు తిరిగివ్వాలని చూశాను. పరవాలేదు, లెక్కపెట్టుకో అన్నాను. నా కణుపుల మీద నేనే లెక్కపెట్టి చూపించాను. ఆమె నా చేతిని చూసి, నేనేదో సిగ్గులేని పని చేస్తున్నట్టు తల దించుకుంది. నేను నేర్పినట్టే చేతులు బోర్లా పెట్టి, నిటారుగా కూర్చుని, జవాబు దానంతటదే వస్తుందని ఎదురుచూసేది.

రెండోసారీ పాస్ కాలేదు.

ఇప్పుడు అక్కచెల్లెళ్లిద్దరూ అయిదో తరగతే. చెల్లిని కూడా నా దగ్గరికే పంపుతున్నారు. మొన్న ఇద్దరినీ ముప్పై మూడులోంచి పద్దెనిమిది తీయమన్నాను. చెల్లి బొటనవేలు కణుపుల మీదికి వెళ్లింది. అక్క ఆ చెయ్యి పట్టుకుని తెచ్చి బల్లమీద బోర్లా పెట్టింది.

"ఉంగ్లీల మీద వద్దే. అలా సేత్తే భయ్యాకి నచ్చదు."

నాకు నచ్చుతుందని చెప్పాను. లెక్కపెట్టుకోమన్నాను, రెండుసార్లు. చెల్లి నా వైపు చూడలేదు, అక్క వైపు చూసింది. ఆ చెయ్యి బల్లమీదే ఉండిపోయింది.