కంప్యూటర్ వెనక ఎర్ర స్విచ్చి

ముందే ఒక మాట చెప్పేస్తాను. మొన్న ఆదివారం మా ఇంట్లో పేలింది గ్యాసు సిలిండర్ కాదు. దేవరయాంజాల్‌లో సగం మంది ఇప్పటికే పరామర్శకు వచ్చి వెళ్లారు కాబట్టి చెప్పాల్సి వస్తోంది. పేలింది కంప్యూటర్. పేల్చింది నేను.

మా హైస్కూలుకు ఒక కంప్యూటర్ ఉంది. జీడిమెట్లలో ఎవరో కొత్తవి కొనుక్కుని, పాతది మాకు ఇచ్చారు. టెన్త్ పిల్లల పరీక్షల జాబితా దాంట్లో టైపు చేసే పని నాది. అరవై రెండు మంది పేర్లు, తండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు. ఒంటివేలితో కొడితే నాలుగు రోజులు పట్టింది. సోమవారం పొద్దున పదింటికల్లా అది మేడ్చల్ ఆఫీసులో ఉండాలి. లేకపోతే పిల్లలు ఈ ఏడు పరీక్షకు కూర్చోవడం కష్టమని రెండుసార్లు చెప్పి మరీ, నన్ను నమ్మి, హెడ్మాస్టరు గారు కంప్యూటర్ని ఇంటికి పంపారు.

ఆదివారం మధ్యాహ్నం ఆఖరి పేరు కొట్టి సేవ్ చేశాను. ఫ్లాపీలోకి ఎక్కిస్తే పని అయిపోయేది. కానీ ఆ ఫ్యాను! గర్ర్ర్‌మని ఒకటే మోత.

"ఏంది గా లొల్లి? పిండి గిర్ని తెచ్చి ఇంట్ల వెట్టిండ్రా?" వంటింట్లోంచి మా ఆవిడ సుజాత.

"ఐదు నిమిషాలాగు. బాగు చేస్త."

"మీరా?"

ఆ ఒక్క మాటకే నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

పిల్లలకు ఎప్పుడూ చెబుతుంటాను: ముందు గమనించు, తర్వాత ఆలోచించు, ఆ తర్వాతే చెయ్యి పెట్టు. నేనూ అలాగే చేశాను. ప్లగ్గు పీకాను. రబ్బరు చెప్పులు తొడుక్కున్నాను. మూత విప్పితే లోపల దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. పెయింటు బ్రష్షుతో దులిపాను. వెనక జాలీలోంచి ఫ్యానుకు సుజాత కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశాను. ఒక్కటే! ఆన్ చేస్తే గర్ర్ర్ పోయి కిర్ర్ర్ వచ్చింది.

అప్పుడు కనబడింది, ఫ్యాను పక్కనే చిన్న ఎర్ర స్విచ్చి. ఒకవైపు 230, ఇంకోవైపు 115. ఇప్పుడు 230 మీద ఉంది. ఆహా! దొరికాడు దొంగ! ఫ్యాను పక్కన అంకెలుంటే అది రెగ్యులేటర్ కాక ఇంకేంటి? ఎవరో మహానుభావుడు ఫుల్ స్పీడులో పెట్టి వదిలేశాడు. పాపం, అది మాత్రం అరవక ఏం చేస్తుంది! మళ్లీ ఆఫ్ చేసి, స్క్రూడ్రైవర్ మొనతో స్విచ్చిని 115 వైపు జరిపాను.

"సుజాతా, జర ఇటు రా! ఇగ సప్పుడు వినవడితే నన్నడుగు."

పిండి చేతులతో వచ్చి నిలబడింది. ఆన్ చేశాను.

ఢాం!!

నీలం మెరుపు. గది నిండా పొగ. పైన తిరిగే సీలింగ్ ఫ్యానుతో సహా ఇంట్లో అన్నీ ఆగిపోయాయి. చూసుకుంటే నేను మంచం మీద నిలబడి ఉన్నాను. ఎప్పుడెక్కానో, ఎలా ఎక్కానో ఇప్పటికీ తెలీదు! అన్న మాట ప్రకారం చప్పుడు మాత్రం లేదు.

ఎదురింటి యాదమ్మ ఉరికొచ్చింది. "ఓ సారూ! సిలిండర్ పేలిందా? పానం మంచిగుందా?"

"సిలిండర్ కాదమ్మా, కంప్యూటర్."

"అవ్వో! గండ్ల గూడ గ్యాసుంటదా?"

అరవై రెండు మంది! ఒక్కొక్క పేరూ కళ్ల ముందు పొగలా లేచి పోతోంది.

సీపీయూని దుప్పట్లో చుట్టి, సుజాత ఒళ్లో పెట్టి, స్కూటర్ మీద బహదూర్‌పల్లిలో రిపేరు చేసే యూసుఫ్ దుకాణానికి పరుగు. దారి పొడుగునా సుజాత మాటిమాటికీ దుప్పటి తొలగించి, ఇంకా పొగ వస్తోందేమోనని చూస్తూనే ఉంది. తిట్టినా బాగుండేది.

యూసుఫ్ మూత విప్పి వాసన చూశాడు. వెనక్కి తిప్పాడు. ఎర్ర స్విచ్చిని చూశాడు. నన్ను చూశాడు.

"అరే సార్! గిది ఎవరు జరిపిండ్రు? గిది ఫ్యాను స్పీడ్ కాదు, వోల్టేజి! మన కరెంటు రెండు వందల ముప్పై. నూట పదిహేను బయటి దేశాలకు. గంత కరెంటు మింగితే పేలదా? టెన్త్ చదివే పిలగాడు గూడ చెప్తడు సార్!"

"జాబితా పోయిందా భాయ్?" అన్నాను.

"కరెంటు డబ్బ అయితే ఖతం. హార్డ్ డిస్క్ నా కంప్యూటర్‌కు పెట్టి చూస్త, ఆగుర్రి." వైర్లు తగిలిస్తూ అడిగాడు. "మీరు బడిల ఏం చెప్తరు సార్?"

సుజాత నోరు తెరిచింది. నేను అంతకంటే ముందే అన్నాను.

"తెలుగు!"

ఇన్నేళ్లుగా పిల్లలకు అబద్ధమాడొద్దని కథలు చెప్పిన నోరు ఇదే!

తెర వెలిగింది. నా ఫైలు తెరుచుకుంది. ఒకటో నంబరు ఉంది, రెండు ఉంది, పది ఉంది... అందరూ ఉన్నారు! అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాను. యూసుఫ్ ఆఖరి పేరు దాకా కిందికి జరిపాడు. దాని అడుగున నేనే ముచ్చటపడి పెద్ద అక్షరాల్లో కొట్టుకున్న నా పేరు. దాని పక్కనే 'ఫిజికల్ సైన్స్ టీచర్'.

యూసుఫ్ చదివాడు. చెంప గోక్కున్నాడు. నవ్వు బయటికి రాకుండా పెదవులు బిగబట్టి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"తెలుగు సార్, గీ కింది లైను గూడ ఫ్లాపీల ఎక్కియ్యాల్నా, ఇడిసిపెట్టాల్నా?"