మోరీ లేని రోడ్డు

పొద్దున తొమ్మిది నలభైకి హెలికాప్టర్ మమ్మల్ని నైలు ఒడ్డున దించింది. రెండు వేల ఆరు, జూన్ నెల. సూడాన్ దేశానికి దక్షిణం వైపు. ఏళ్ల తరబడి కొట్టుకుని అంతకు ముందు ఏడాదే సంధి చేసుకున్న నేల. వీపున ఇరవై ఆరు కిలోల సామాను, ఛాతీకి ఇనుప జాకెట్, నెత్తిన శాంతి దళం వాళ్ల నీలం టోపీ. కాలు పెట్టగానే బూటు చీలమండ దాకా దిగింది. వంగి మట్టి పిసికి చూశాను. నల్లరేగడి. మా ధరూర్ దగ్గర పత్తి పండే మట్టి. నాకు తెలిసిన నేలేలే అనుకున్నాను. నేను చేసిన మొదటి తప్పు అదే.

గద్వాలలో హోటల్ ముందు కూర్చుంటే ఇప్పటికీ అడుగుతారు, "ఎంతమందిని కాల్చినవన్నా?" అని. ఒక్క తూటా పేల్చలేదు. నేను మన మిలిటరీ ఇంజనీర్ దళంలో హవల్దార్‌ని. నా చేతికిచ్చింది మట్టి తోసే డోజర్. దిగిన హెలికాప్టర్ కూరుకుపోకుండా, మా బండ్లు తిరిగే బాటలు కొట్టుకుపోకుండా చూడటం నా డ్యూటీ. పదకొండు నెలలు.

మా క్యాంపులో తెలుగు వచ్చినవాళ్లం ముగ్గురం. రేడియో ఆపరేటర్ అమ్రాబాద్ దిక్కు మనిషి, నల్లమల అడవి అంచున పుట్టి పెరిగినవాడు. సుబేదార్ సాబ్‌ది రాయచూరు. ఆయన తెలుగులో సగం కన్నడమే.

సంధి కుదిరిన మొదటి ఎండాకాలమే పడవలొచ్చాయట. ఉత్తరాది సేట్లు సబ్బులు, చక్కెర, ప్లాస్టిక్ బిందెలు దింపి తోళ్లు, తుమ్మజిగురు ఎక్కించుకుపోయేవారు. వాళ్ల వెనకే చమురు కంపెనీ దిగింది. తెల్లదొరలు ఆ దేశం వదిలి యాభై ఏళ్లయింది గానీ వాళ్లు గీసిన పటాలు, కట్టిన రేవు, నేర్పించిన సలాం అట్లాగే ఉన్నాయి. కంపెనీ వాటినే దులిపి వాడుకుంది. కంపెనీకి రోడ్డు వేయించే మేనేజర్ ఏ దేశం వాడో చెప్పను. తెలిసి మీకు ఒరిగేదేం లేదు. దొర దొరే.

ఆ రోడ్డు సంగతి చెప్పాలి. రేవు నుంచి ఉత్తరంగా చమురు బావుల దాకా ఇరవై రెండు కిలోమీటర్లు. ఎర్ర మొరం పోసి నడుమెత్తు లేపారు. రోడ్డుకు పడమర నది. తూర్పున మైదానం, గుడిసెలు, జొన్న చేన్లు. వాన నీళ్లు తూర్పు నుంచి మెల్లగా పాక్కుంటూ నదిలో కలవాలి. అంత పొడుగు రోడ్డుకు ఒక్క మోరీ లేదు. మా ఊళ్లో ఎడ్లబండ్ల బాట కింద కూడా నీళ్లు పోయేటందుకు మోరీ పెడతారు. వీళ్లకు రోడ్డు కింద ఒక పైపు వెయ్యడానికి చేతులు రాలేదు.

జూలై రెండో వారం వాన పట్టింది. పన్నెండు రోజుల్లో తూర్పు పక్క చెరువైంది. పడమర పక్క పశువుల గిట్టలు మునిగేన్ని నీళ్లు కూడా లేవు. తొమ్మిదో కిలోమీటరు రాయి దగ్గర న్యాదెంగ్ అనే ఆమె చేను. మొగుడు యుద్ధంలో పోయాడు. ఇద్దరు పిల్లలు, రెండు ఆవులు, మోకాలెత్తు జొన్న. జొన్న మొదట్లో జానెడు నీళ్లు. డోజర్ ఆపి దిగాను. ఆమె చేతిని చేను మీదుగా తిప్పి "హగ్గీ" అంది. వాళ్ల అరబ్బీలో నాది అని. మన హక్కు అన్న మాటకు చుట్టంలా వినిపించింది. ఇంకెవరూ తర్జుమా చేయనక్కర్లేకపోయింది.

సుబేదార్ సాబ్‌ను వెంటబెట్టుకుని మేనేజర్ దగ్గరికి పోయాను. "పైపులు రాలేదు. వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు, కాగితం మీంచి తల ఎత్తకుండా. బయటికొస్తూ లెక్కపెట్టాను. ఆయన ఆవరణలో పదకొండు ఇనుప పైపులు పడి ఉన్నాయి. ఒకదాన్లో ఆయన కుక్క నీడకు పడుకుంది.

ఆగస్టు నడిమధ్య ఒక పొద్దున ఆరున్నరకు న్యాదెంగ్ తనే పార పట్టుకుని రోడ్డెక్కింది. జానెడు లోతు తవ్విందో లేదో కంపెనీ గార్డులు వచ్చారు. ఒకడు తుపాకీ మడమతో ఆమె ఎడమ మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగింది. ఏడుంబావుకు మేం చేరేసరికి ఆమె ఏడవడం లేదు. విరిగిన చేతిని కుడిచేత్తో పట్టుకుని తను తవ్విన గుంత వైపే చూస్తోంది. రేడియో ఆపరేటర్ అక్కడి నుంచే హెడ్‌క్వార్టర్‌కు కలిపాడు. జవాబు ఇంగ్లీషులో వచ్చింది. చూడండి, రాయండి, కలగజేసుకోకండి. ఓవర్.

వాడు హెడ్‌సెట్ తీసి నేలకు కొట్టబోయి ఆగాడు. "రాసుకుంట గూసుందామా అన్నా?" అన్నాడు.

నాకు కడుపు మండింది. ఆమె ఒక్కదాని కోసమే కాదు, దాచుకోవడం దేనికి. నేను మిలిటరీలో చేరిన కొత్తలో ప్రాజెక్టు నీళ్లు వెనక్కి తన్ని మా అయిదెకరాల వేరుశెనగ ముంచాయి. సెలవు మీద వచ్చి చూస్తే చేను లేదు, నీళ్లున్నాయి. కొలతలకొచ్చిన ఇంజనీరుకు మా నాయన చెంబుతో మంచినీళ్లిచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడట. అది విన్ననాటి నుంచి పన్నెండేళ్లు నా నెత్తురు ఉడుకుతూనే ఉంది. ఎవరి మీద తీర్చుకోవాలో తెలియలేదు. ఇక్కడ దొర కళ్లెదుట దొరికాడు.

"గండి కొడ్త" అన్నాను రేడియో ఆపరేటర్‌తో, ఇద్దరం డోజర్ నీడలో రొట్టె తింటుండగా.

"నిజంగనా?"

"ఆ దొర రోడ్డు రెండు ముక్కలు గావాలె. వాని ట్యాంకర్లు బురదల గూసోవాలె. గది సూస్కుంట నేను ఛాయ్ తాగాలె."

వాడు కాసేపు నమిలి, "మా అడవిల గూడ ఎవలో సర్వేకొచ్చి రంగు జెండాలు పాతి పోయిన్రన్నా. భూమిల ఏందో ఉందంట. మావోల్లు ఒక్క జెండ గూడ పీకలే" అన్నాడు. "కొట్టు. డోజర్ కరాబైందని రేడియోల నేను జెప్త."

సుబేదార్ సాబ్ మా ముఖాలు చూసి పసిగట్టాడు. ఆ సాయంత్రం నన్ను పక్కకు పిలిచాడు. "బేడ హవల్దార్. బేడప్పా. ఈ నేల నీళ్ల సంగతి నీకు గొత్తిల్ల."

వద్దు, నీకు తెలియదు అంటున్నాడు. నాకా? కాల్వ గట్ల మీద పుట్టినవాణ్ణి. "నీరు పల్లమెరుగు సాబ్" అన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది ఆయనకు.

ఆగస్టు ఆఖరి శుక్రవారం. ఆ రోజు గార్డులంతా నమాజుకు రేవుకు పోతారు. పదకొండు యాభైకి బ్లేడు దించాను. మొరం గట్టిగా పట్టేసింది. నాలుగు సార్లు వెనక్కొచ్చి గుద్దాను. ఒంటి గంటకు కట్ట పగిలింది. ఆరు మీటర్ల గండి. తూర్పు నీళ్లు ఎర్రగా, అడ్డదిడ్డంగా, పడమటికి దూకాయి. నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు గానీ తెలుగులోనే, మా ఊరి బూతుల్లోనే అరిచాను. న్యాదెంగ్ పరుగున వచ్చి నా తల వంచి నడినెత్తిన ఉమ్మింది. అక్కడ పెద్దలు దీవించే పద్ధతి అది. నెత్తి తుడుచుకోలేదు.

ఏడు ట్యాంకర్లు గండికి అటువైపు ఇరుక్కున్నాయి. కంపెనీ డోజర్లు కూడా అటే, పూడ్చే మొరం ఇటు రేవులో, అందుకే నేల ఆరేదాకా గండి అట్లాగే ఉండిపోయింది. మేనేజర్ మెరిసే బూట్లతో బురదలో నిలబడి ఫోన్‌లో కేకలేశాడు. వానకు కోసుకుపోయిందనుకున్నాడు. గట్టు మీద కూర్చుని స్టీలు గ్లాసుతో ఛాయ్ తాగాను. అంత తీపి ఛాయ్ జన్మలో తాగలేదు. మీరు ఏమైనా అనుకోండి, పగ తీరితే ఒళ్లు తేలికవుతుంది. నెల రోజులు హాయిగా నిద్రపోయాను.

న్యాదెంగ్ చేను తేలింది. సగం జొన్న కుళ్లింది, మిగతా సగం లేచి నిలబడింది. సెప్టెంబర్ ఆఖరుకు కంకి వేసింది. ఆమె చెయ్యి వంకరగానే అతుక్కుంది. అయినా కంకులు చూపించి నవ్వేది.

అక్టోబర్‌లో వానలు ఆగాయి. మబ్బు తునక లేదు. నది మాత్రం రోజూ పెరుగుతోంది. రేవు మెట్లు సోమవారం అయిదు కనిపించాయి, గురువారం రెండు. ఎక్కడో తూర్పున, వందల మైళ్ల అవతల కొండల్లో కురిసిన వాన అప్పుడు దిగొస్తుందట. అక్కడివాళ్లందరికీ తెలుసు. నేను ఒక్కణ్ణీ అడగలేదు. ఆనకట్ట కడితేనే నీళ్లు వెనక్కి తంతాయని నా నమ్మకం. మా పొలం ముంచింది మనిషి కట్టిన కట్టే గదా. వట్టి నది ఎందుకు వెనక్కొస్తుంది? అదీ నా తెలివి. ఆ మైదానంలో పల్లమే లేదు. నీళ్లకు ఎటు బలముంటే అటే పల్లం.

శుక్రవారం పొద్దున అయిదు యాభైకి రేడియో ఆపరేటర్ గొంతు పగిలినట్టు వినిపించింది. "అన్నా, తొమ్మిదో కిలోమీటర్ కాడ నీళ్లు ఉల్టా వస్తున్నయ్. గండిల నుంచే లోపటికి వస్తున్నయ్. ఓవర్."

పోయి చూశాను. పడమటి నుంచి తూర్పుకు, నేను తెరిచిన దారిలోనే, గడ్డీ చేపలూ మోసుకుని నది లోపలికి నడుస్తోంది. రోడ్డు ఉండి ఉంటే ఆగేది. మూడు రోజుల్లో కోతకొచ్చిన జొన్న మునిగింది. గుడిసె గోడ కరిగింది. విత్తనాల గాదె తేలిపోయింది. ఒక ఆవు చచ్చింది. మునిగింది ఆమె చేను ఒక్కటే కాదు, వెనక నాలుగు ఊళ్ల చేన్లూ. పూడుద్దామని డోజర్ తీస్తే రెండు వందల అడుగులు రాకముందే ఇరుసు దాకా కూరుకుపోయింది. సుబేదార్ సాబ్ నన్ను తిట్టలేదు. "గొత్తాయ్తా?" అని మాత్రం అడిగాడు. తెలిసొచ్చిందా అని.

దొరకు మాత్రం పండగే. రోడ్డు తెగిన చోటే ఊళ్లు మునిగాయి, మా రోడ్డే ఊళ్లను నది నుంచి కాపాడుతోంది అని పైవాళ్లకు కాగితం రాశాడు. ఇంకో అడుగు లేపడానికి అనుమతి తెచ్చుకున్నాడు. మోరీల మాటే లేదు. డిసెంబర్‌లో మా క్యాంపుకొచ్చి, వరదల్లో సాయం చేశారంటూ ఒక్కొక్కరికీ చెయ్యి కలిపాడు. నా వంతు వచ్చింది. ఆ మణికట్టు విరిచేయాలనిపించింది. నా రెండు చేతులకూ అంత బలం ఉంది. కలిపి, సెల్యూట్ కొట్టాను. ఆ సెల్యూట్ కొట్టిన చెయ్యి మీద నాకు ఇప్పటికీ అసహ్యమే.

మే నెలలో డ్యూటీ ముగిసింది. కర్నూలు మీదుగా రైల్లో గద్వాలలో దిగాను. ఎండ కాల్చేస్తోంది. ఆటోవాడు ధరూర్ దాకా ఆఫ్రికా సంగతులు అడుగుతూనే ఉన్నాడు. ఏనుగుల గురించి చెప్పాను. రేడియో ఆపరేటర్ ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఒక ఆఫీసు దగ్గర కాపలా ఉద్యోగం చేస్తున్నాడు. కలిసినప్పుడల్లా అదే ప్రశ్న.

"ఇంక మండుతుందా అన్నా?"

"మండుతుంది."

"నాగ్గూడ."

క్షమించేస్తే మనసు చల్లబడుతుందని మా ఇంట్లో వాళ్లంటారు. నాకంత పెద్ద మనసు లేదు. ఆ దొర ఈ రోజు వనపర్తి బస్టాండులో ఎదురైనా వదలను. కానీ వాడి ముఖం తెచ్చుకుందామని కళ్లు మూసుకుంటే అది రాదు. నది తిరగబడిన రెండో రోజు చూసిందే వస్తుంది. గండి దగ్గర న్యాదెంగ్ నడుంలోతు నీళ్లలో నిలబడి ఉంది. వంకర చేతిని గుండెకు ఆనించుకుని, రెండో చేత్తో బురద ముద్దలు గండిలో వేస్తోంది. ముద్దలు అందిస్తున్నది ఆ చెయ్యి విరగ్గొట్టిన గార్డు. ఆమె వాడి ముఖం చూడకుండా అందుకుంటోంది, వేస్తోంది. నీళ్లు లాక్కుపోతున్నాయి. వాడు ఇంకో ముద్ద ఇస్తున్నాడు.