ఇంకా బెంగళూరే

ఆ రోజుల్లో మా ఇంట్లో బెంగళూరంటే పెద్దమామ కోసే కోతల్లోకెల్లా పెద్ద కోత. అక్కడ సెంట్రింగ్ పని చేసే ఆయన ఏడాదికోసారి మా ఊరు కూరెకుప్పకొచ్చి, "పొద్దున బస్సెక్కితే మధ్యాన్నమైనా ఆ ఊరు అయిపోదమ్మా" అనేవాడు. బళ్ళారి దాటి ఎరగని అవ్వ నవ్వేది. "ఊరన్నాక ఒక చివర ఉండల్ల కదప్పా. చివరే లేకుంటే అది ఊరెట్లయితాది?" దాంతో ఆయన కోతల మామ అయిపోయాడు. (పేరు పెట్టింది నేనే. అప్పట్లో నేను ఇంటికి చేసిన పని అదొక్కటే.)

ఒక తెల్లవారుజామున మామ అక్కడే గుండె ఆగి పోయాడు. చిన్నమామ శవాన్ని వ్యానులో తెస్తున్నాడు. దేనికీ పనికిరానని నా చేతికి ఫోనిచ్చి, బండి ఎక్కడుందో కనుక్కోమన్నారు. వీధి మలుపులో ఏ ఇంజను మోగినా ఆడవాళ్ళు శోకాలు ఎత్తుకుంటున్నారు. ఒక మైన్స్ లారీకీ, గ్యాసు బండికీ కూడా ఆ పూట మా వీధిలో నివాళి దక్కింది. "యాడుండారు మామా?" అంటే, "ఇంకా బెంగళూరేరా అల్లుడా, ట్రాఫిక్కు" అన్నాడు. చాలాసేపటికి మళ్ళీ చేశాను. బెంగళూరే. ఎండ నడినెత్తికొచ్చాక చేశాను. అప్పుడూ బెంగళూరే.

అవ్వ ఏడుపాపి, కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "ఎవురూ ఏడ్సొద్దండి. నా కొడుక్కేమీ కాలేదు. పొద్దున్నుంచి పోతాంటే దాటని ఊరు యాడన్నా ఉంటాదా? సుళ్ళే సుళ్ళు, అంతా అబద్ధం. ఆస్పత్రిలో పెట్టుకోని నాకు కతలు చెప్తాండారు." చావింట్లో పొయ్యి వెలిగించమంది! అందరూ నావైపు చూశారు.

"అవ్వా, ఆ ఊరు నిజంగానే అంత పెద్దది. మామ చెప్పలా?"

"వానివి కోతలని నువ్వే కదప్పా అన్నింది?"

మామ పోయాడని నమ్మించాలంటే ముందు ఆయన అబద్ధాలకోరు కాదని నమ్మించాలి. నా వల్ల కాలేదు. అన్నం ఉడికింది, కొడుక్కిష్టమని పచ్చిమిరపకాయల పప్పు కూడా.

పొద్దు వాలేవేళకు వ్యాను వచ్చింది. అవ్వ గుడ్డ తొలగించి మామ ముఖాన్ని చాలాసేపు చూసింది. "నిజమే చెప్పినావు కదప్పా" అంది. ఆ తర్వాతే ఏడ్చింది.

ఇప్పుడు నేనూ ఆ ఊళ్ళోనే పని చేస్తున్నాను. ఇంటికి బయల్దేరే రోజు అవ్వ ఫోను వస్తుంది. "యాడుండావప్పా?" "ఇంకా బెంగళూరే అవ్వా." "ఊఁ, పెద్దూరు కదా" అంటుంది, మారుమాట లేకుండా. అప్పటికి నేను రూములో చాప మీంచి లేచి కూడా ఉండను. ఆ నమ్మకాన్ని సంపాదించి పెట్టింది మామ. ఖర్చు పెడుతున్నది నేను.