గీత కింద నేను రాయించిన అబద్ధం

ఈ రోజు కార్తీక బహుళ తదియ, గురువారం. మా ఊరి బడి అయ్యవారు పోయి పదకొండు రోజులు. ఆ మరునాడు, సోమవారం పొద్దున మా వీధి పిల్ల ఒకతె బడి దాకా పోయి వెనక్కి వచ్చి, "అవ్వా, ఈ పొద్దు బడి లేదంట. అయ్యవారు పోయినారంట" అంది. పిల్లలు తమ చేతిరాత పత్రికను ఆయన జ్ఞాపకంగా తెస్తున్నారు. బాగా రాస్తానని పేరుంది కనుక నన్నూ రాయమన్నారు. ఆ రాత చేసిన పని ముందు చెప్పాలి.

వ్యాసం ఏదైనా, చివర అడ్డంగా ఒక గీత గీయించేవారు అయ్యవారు. ఆ మాటలు ఎవరు చెబితే తెలిశాయో, ఎక్కడ చదివారో గీత కింద రాయాలి. ఒకడు ఎద్దు మీద వ్యాసం రాసి, కింద "అంతా నాకే తోచింది" అని పెట్టాడు. "ఎద్దుకు నాలుగు కాళ్ళుండేది కూడా నీకే తోచిందా అప్పా?" అన్నారాయన. బడంతా నవ్వింది. వాడు గీత కింద వాళ్ళ తాత పేరు రాశాడు.

నా మనవరాలు నాలుగో తరగతిలో ఉండగా, తుంగభద్ర కాలువకు మొదటిసారి నీళ్ళు వదిలిన రోజు గురించి రాయమన్నారు. బడికి ఒక్క వ్యాసమే సిరుగుప్పలో జరిగే వ్యాసాల పోటీకి పోతుంది. పిల్ల రాసిన నాలుగు ముక్కలు చదివి, కాగితం చించేశాను. నేనే రాసి, చూసి దించమన్నాను. అంతకు ముందు, పక్కపిల్ల పలక చూసి లెక్క చేసిందని ఇదే మనవరాలితో గోడ కుర్చీ వేయించినదాన్ని నేను.

అయ్యవారు ఆ వ్యాసం తిప్పి పంపారు. నేను బడికి వెళ్ళాను.

"ఏంది అయ్యవారూ, మా పిల్ల రాత మీకు సరిపోలేదా?"

"రాత బాగుండాదమ్మా. గీత కింద ఏమీ లేదు. ఆ నీళ్ళొచ్చిన నాటికి ఈ పాప చంటిది. ఎవురో చెప్పుండాల గదా?"

"నేనే చెప్పినా."

"చెప్పినారా, రాసిచ్చినారా?"

"చెప్పినా. రాసింది పిల్లే."

ఆయన పిల్ల వైపు చూశారు. పిల్ల నేల చూసింది. "ఆయ్తు, సరే, 'మా అవ్వ చెప్పింది' అని రాయి పాపా" అన్నారు. నా ఎదుటే రాసింది.

ఆ రోజు ఆయన బల్ల మీద ఇంకో వ్యాసం ఉంది. మా మడికి నీళ్ళు కట్టే ఆమె కూతురిది. దాని గీత కింద ఇలా ఉంది: "నీళ్ళు చూసి జనం ఏడ్చినారని మా అమ్మ చెప్పింది. రెండు తప్పులు అయ్యవారు దిద్దినారు." పోటీకి పోవలసింది అదే. నా మాట కాదనలేక ఆయన మాది పంపారు. బహుమతిగా నిఘంటువు వచ్చింది. ఊరు పిల్లను మెచ్చుకుంటుంటే నేను ఊరుకున్నాను. ఆయనకు చెప్పింది, పిల్ల చేత రాయించింది, ఇలా ఊరుకున్నది: మొత్తం మూడు అబద్ధాలు.

కొన్నాళ్ళకు ఆయన మా అరుగు మీద కూర్చుని, "అమ్మా, పాప ఇప్పుడు బడిలో ఒక్క వాక్యం సొంతంగా రాయదు. 'అవ్వను అడిగి రాస్తా' అంటాది. నాతో ఏమన్నా చెప్పేది ఉండాదా?" అన్నారు. కోపం లేదు. చెప్పుకోమని దారి ఇచ్చారు. నేను మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఈసారి వరి ఎలా ఉందో మాట్లాడాను. ఆయన తాగి, గ్లాసు తిప్పి పెట్టి, వెళ్ళిపోయారు. మళ్ళీ అడగలేదు. రెండేళ్ళు వారానికి ఒకసారైనా ఎదురుపడ్డాం. ఏ రోజైనా చెప్పి ఉండవచ్చు.

ఇక జరగవలసినవి:

1. ఈ వ్యాసం పత్రికలో ఒక్క మాట తీసెయ్యకుండా రావాలి.

2. వచ్చే సోమవారం నిఘంటువు తీసుకుని, మా మడికి నీళ్ళు కట్టే ఆమె కూతురి దగ్గరికి నేనే వాళ్ళ ఇంటికి వెళ్ళాలి. మనవరాలిని పంపకూడదు. తప్పు నాదని వాళ్ళమ్మ ముందు చెప్పాలి.

3. అయ్యవారి గురించి మనవరాలు కూడా రాయాలి. అది రాసినంతసేపు నేను పెరట్లో ఉండాలి. పెన్సిలు కొరుకుతూ, తలుపు వైపు చూసి, "అవ్వా, తర్వాతేం రాయాల?" అని పిలిచినా, లోపలికి పోకూడదు.