సూది ఎవరికైనా కేక సిస్టరమ్మదే

మా షరీఫాబీ సిస్టరమ్మ ఎవరికి సూది వేసినా తనే అరుస్తుంది.

ఏదో “అబ్బా” అని సన్నగా కాదు. పెనుకొండ కొండకు తగిలి తిరిగొచ్చేంత గట్టిగా. సూది పిల్ల చేతిలో దిగుతుంది, కేక సిస్టరమ్మ గొంతులోంచి లేస్తుంది. ఐదో తరగతి పిల్లకైతే “అమ్మోవ్!” అని ఒక్క ముక్క. పదో తరగతి పిల్లోడికైతే “అమ్మోవ్, సచ్చిపోతి, పట్టుకోండ్రో!” అని సాగదీస్తుంది. మనిషి ఎంత పెద్దగా ఉంటే కేక అంత పెద్దది. టీకాల రోజు కాకులు కూడా మా స్కూలు పక్కకు రావని వంట చేసే యల్లక్క ఒట్టేసి చెప్తుంది.

మా హైస్కూలు పెనుకొండ నుంచి ధర్మవరం పోయే దోవలో ఉంది. పక్కనే హాస్టలు ఉంది కాబట్టి మాకంటూ ఒక నర్సు ఉంది. సిస్టరమ్మది హిందూపురం, రోజూ బస్సులో వస్తుంది. మనిషి సన్నం, పొట్టి. భుజాన వేలాడే సంచిని ఆమె మోస్తోందో, సంచే ఆమెను మోస్తోందో తెలియదు. అంత మనిషిలో అంత కేక యాడ దాక్కుని ఉంటుందో ఆ దేవుడికే ఎరుక.

నేను సైన్సు సారును. కారణం తెలియని పని కళ్ళ ముందర జరుగుతుంటే నాకు అన్నం సయించదు. చేరిన కొత్తలోనే అడిగేశాను.

“సిస్టరమ్మా, సూది పిల్లకు వేస్తారు, మీరెందుకు అరుస్తారు?”

“అరిచినానా? నేనా?” అంది, గాజుగ్లాసులో థర్మామీటరు కడుగుతూ.

ఇంకోసారి అడిగితే “అలవాటు సార్” అంది. మరోసారి “అరిస్తే గొంతుకు మంచిది సార్” అంది. ఆ తర్వాత అడిగినప్పుడు ఏకంగా నాకే పని పెట్టింది. “మీరు సైన్సు సారు గదా, మీరే కనుక్కోండి.”

సరే, కనుక్కోవాలనే కూర్చున్నాను. గమనించడం మొదలుపెట్టాను. కాల్లో ముల్లు తీసేటప్పుడు అరవదు. మోకాలి పుండు కడిగేటప్పుడు అరవదు. నులిపురుగుల మాత్ర నమిలించేటప్పుడు పిల్లలు మొహాలు వంకర్లు తిప్పినా, ఈమె మాత్రం “నమలల్ల, మింగితే పని చెయ్యదు” అని నెమ్మదిగా చెప్తుంది. చేతులు చూసి గోళ్ళు కత్తిరిస్తుంది, ఆడపిల్లల కండ్ల కింద రెప్ప లాగి చూసి ఐరన్ మాత్ర ఇస్తుంది. అన్నీ మెత్తగా చేస్తుంది. ఒక్క సూది దగ్గరే ఆమెకు పూనకం.

మా డ్రిల్లు సారు గిరిది ఒక సిద్ధాంతం. “ఆయమ్మకే సూదంటే భయం సార్. కర్మ కొద్దీ నర్సు ఉద్యోగం వచ్చింది.” యల్లక్కది ఇంకొకటి. “అట్ల అరిస్తే పిల్లోల్లకు దిష్టి పోతాది.” నాకు రెండూ నచ్చలేదు.

ఒకసారి పై నుంచి తనిఖీకి ఒక ఆఫీసరు వచ్చాడు. హెడ్మాస్టరు గదిలో టీ తాగుతుంటే కేక వినబడింది. కప్పు అక్కడే వదిలి పరుగెత్తాడు, వెనకాలే మేమూ పరుగెత్తాం. గదిలో ఐదో తరగతి పిల్ల దూది పట్టుకుని చక్కగా కూర్చుని ఉంది. సిస్టరమ్మ కళ్ళు తుడుచుకుంటోంది.

“ఎవరికి వేసినారమ్మా సూది?”

“పాపకు సార్.”

“మరి మీరెందుకు అరిచినారు?”

“నొప్పి గదా సార్!”

ఆయన ఆ పిల్లను చూశాడు, సిస్టరమ్మను చూశాడు, చివరికి నన్ను చూశాడు. నేను గోడ మీది పటం చూశాను. పోతూ పోతూ ఆయన రిజిస్టరులో ‘టీకాల కార్యక్రమం బాగుంది’ అని రాసిపోయాడు. ఇంకేం రాయాలో ఆయనకూ తోచినట్టు లేదు.

ఒక ఆదివారం హిందూపురం పోయినప్పుడు, చింతపండు వ్యాపారం చేసే ఆమె భర్త ఖాదర్‌వలిని మార్కెట్లో పట్టుకున్నాను.

“అన్నా, ఇంట్లో కూడా అరుస్తుందా?”

ఆయన తక్కెడ కింద పెట్టేశాడు. “అరిచేదా? సార్, ఆయమ్మ గొంతు పక్కింటోల్లకు కూడా తెల్లదు. ఆ మధ్య వంటింట్లో తేలు కుట్టింది. చెప్పుతో తేలును కొట్టి, పప్పుకు తిరగబోత పెట్టి, నాకు అన్నం వడ్డించి, అప్పుడు చెప్పింది, ‘ఏమండీ, ఆస్పత్రికి పోదామా, తేలు కుట్టినట్టుండాది’ అని.”

గిరి సిద్ధాంతం అక్కడికక్కడే కూలిపోయింది. తేలుకు అరవని మనిషి పరాయి పిల్ల సూదికి ఎందుకు అరుస్తుంది? నాకు అన్నం మరీ సయించకుండా పోయింది.

అట్లా ఉండగా మాకు దగ్గర్లోనే ఒక పల్లెలో కంఠసర్పి వచ్చిందని కబురు తెలిసింది. గొంతులో తెల్లటి పొర కట్టి ఊపిరి ఆడనీయని జబ్బు అది. ఐదు, పదో తరగతి పిల్లలకు వెంటనే టీకా వెయ్యాలని సిస్టరమ్మ పట్టుబట్టింది. అన్ని ఊర్లవాళ్ళూ సరేనన్నారు, ఒక్క ఓబుళప్ప ఊరు తప్ప.

ఓబుళప్పంటే ఆ ఊర్లో పెద్ద రైతు. వేరుశనగ, మామిడి, మీసం, మూడూ బాగా పెంచాడు. కూతురు కల్పన మా స్కూల్లో పదో తరగతి. ఆయన “మా పిల్లకు వద్దు” అంటే ఊరంతా వద్దన్నట్టే. సిస్టరమ్మా నేనూ ఆ ఊరికి పోయాం. రచ్చబండ దగ్గర జనం చేరారు.

“పసిబిడ్డప్పుడే టీకాలన్నీ వేయిస్తిమి గదమ్మా, ఇంగా ఎందుకు?” అన్నాడు ఓబుళప్ప.

“ఆ బలం కొన్నేండ్లకు తగ్గుతాదప్పా. పదేండ్లప్పుడొకటి, పదహారేండ్లప్పుడొకటి మళ్ళా వేసుకోవల్ల. కంఠసర్పికీ ధనుర్వాతానికీ రెండిటికీ ఒకటే సూది.”

“పోయినసారి ఒక పిల్ల పడిపోయింది గదా?”

“ఆ పిల్ల పొద్దున ఏమీ తినకుండా వచ్చింది. అందుకే ఈసారి తినిపించి పంపండి. వేసినాక కాసేపు మా దగ్గరే కూర్చోబెడతాం. చెయ్యి నొయ్యొచ్చు, కొంచెం జ్వరం రావొచ్చు, రెండు దినాల్లో పోతాది. రుద్దొద్దు. అట్ల కాకుండా ఇంగేమన్నా అయితే నాకు ఫోను చెయ్యండి, ఏ వేళైనా సరే.”

“మా తాత ఏ సూది వేసుకున్యాడమ్మా?”

“మీ తాతకు ఎంతమంది పిల్లలప్పా?” ఆమె నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

“తొమ్మిదిమంది.”

“అందరూ పెద్దోల్లయినారా?”

ఓబుళప్ప మీసం మీది చెయ్యి ఆగింది. “లేదమ్మా. నలుగురే.” టవాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. “అయినా వద్దులే.”

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో సిస్టరమ్మ చాలాసేపు ఆలోచించింది. “అడిగిన దానికంతా జవాబు చెప్పినా సార్. ఆయప్ప అడగనిది ఒకటుండాది. అదేందో తెలిస్తే బాగుండు.”

టీకాల రోజు ఓబుళప్పే స్కూలుకు వచ్చాడు, కూతుర్ని ఇంటికి తీసుకుపోదామని. వెంట ఊరివాళ్ళు పదిమంది. ఆయన కుడి అరచేతికి టవాలు చుట్టి ఉంది, దాని మీద నెత్తురు మరక.

సిస్టరమ్మ కళ్ళు మీసం మీదికి పోలేదు, నేరుగా టవాలు మీదికే పోయాయి.

“ఏందప్పా అది?”

“ఏం లేదులేమ్మా. నిన్న సేద్యం చేస్తాంటే గుంటక ఇనుము గీరుకునింది. పసుపు పెట్టినా.”

“తుప్పు పట్టిందా?”

“పాతది గదా.”

“నీ కూతుర్ని పిల్చుకొని పోతువులే. ముందు పుండు కడుగుతా, లోపలికి రా.”

పుండు కడిగేదే కదా అని వచ్చాడు. దూది అందించడానికి నేనూ లోపల ఉన్నాను. పుండు లోతుగా ఉంది. ఎంత కడిగినా ఆయన మూలగలేదు. కట్టు కట్టాక ఆమె మెల్లగా చెప్పింది. “ఇది ధనుర్వాతానికి దోవప్పా. దవడలు బిగుసుకుపోతే పెద్దాస్పత్రి కూడా ఏం చెయ్యలేకపోవచ్చు. నీకు కూడా సూది వెయ్యల్ల.”

టీకా మందుల ఐస్ డబ్బా మూత తెరిచిన చప్పుడు కాగానే, అంత మనిషి మొహం సున్నం కొట్టినట్టయింది. కిటికీ దగ్గర తలకాయలు కనబడుతున్నాయి.

“అమ్మా,” అన్నాడు, నేను ఎన్నడూ వినని గొంతుతో. “ఆ కిటికీ వేస్తావా?”

నేను లేచి కిటికీ వేశాను.

“నాకు సూదంటే...” అని ఆపేశాడు. “చిన్నప్పటినుంచీ అంతే. నా బిడ్డకు వేస్తాంటే చూడల్లన్నా కాల్లు వణుకుతాయి. మా ఇంట్లో ఆడోల్లకు కూడా చెప్పలా.”

సిస్టరమ్మ మొహం వికసించింది. అడగనిది దొరికింది! “దానికేమప్పా, నాకూ అంతే. నేను కొంచెం అరుస్తా, ఏమీ అనుకోవద్దు. నువ్వు మాత్రం బిగబట్టొద్దు, వచ్చేది రానీ.”

సూది దిగింది. ఓబుళప్ప పెట్టిన కేకకు బల్ల మీద మాత్రలు ఎగిరాయి. కానీ ఆ కేక నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే దాని మీద ఇంకొక కేక వచ్చి పడింది. “అమ్మోవ్! సచ్చిపోతి! పట్టుకోండ్రో! నాయనోవ్!” అన్నేళ్ళలో అంత పెద్ద కేక నేను వినలేదు. ఆయన ఆపేదాకా ఆమె ఆపలేదు. ఆయన ఆపాక కూడా, అనుమానం రాకుండా ఇంకొంచెం అరిచింది.

తలుపు తీస్తే బయట అంతా నవ్వులు. “ఏమన్నా, లోపల ఎవరో అరిచిరి గదా?” అన్నాడు ఒకతను.

“నేనేనప్పా,” అంది సిస్టరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ. “నా అలవాటు మీకు తెలుసు గదా.”

జనం ఆమెను చూసి ఇంకా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఓబుళప్ప మాత్రం నవ్వలేదు. ఆమె వంక ఒక్క క్షణం చూసి, గొంతు సవరించుకున్నాడు. “ఏం నవ్వుతాండారు? పోయి పిల్లోల్లను పిల్చుకొని రాండి. తినిపించి తేవల్ల, మరిచిపోవద్దండి. కల్పనా, నువ్వు రామ్మా. ఏం కాదు, నేనీడే ఉంటా.”

ఆ సాయంత్రం సిస్టరమ్మ చేతులు కడుక్కుంటుంటే నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. “ఇంగ దాచొద్దు. నేను లోపలే ఉండాను.”

ఆమె కొళాయి కట్టేసింది. “మడకశిర పక్కన కొత్తగా పని చేసేటప్పుడు ఒక పిల్లోడు సూదికి ఏడ్చినాడు సార్. మిగతా పిల్లోల్లు వానికి సూదిగాడని పేరు పెట్టిరి. వాడు ఇంగ నన్ను చూస్తే పరుగే. జ్వరమొచ్చినా దాచిపెట్టుకునేవాడు. సూదికి కాదు సార్ భయం, ఆ నవ్వులకు. నొప్పి ఎట్లాగూ నేను తీసుకోలేను. నవ్వులన్నా తీసుకుందామని.”

నేను తువ్వాలు అందించడం మరిచిపోయాను. ఆమె చీరకే తుడుచుకుని బస్సుకు పోయింది.

నెల తర్వాత, మొదటిసారి రాని పిల్లల కోసం మళ్ళీ టీకాల రోజు పెట్టాం. పెద్దవాళ్ళకు రెండో సూది కూడా కావాలి కాబట్టి ఓబుళప్ప కూడా వచ్చి వరండాలో పిల్లల వెనక నిలబడ్డాడు. సరిగ్గా ఆ రోజే సిస్టరమ్మకు గొంతు పోయింది. మాస్కు కట్టుకుని సైగలతో మాట్లాడుతోంది. “అమ్మోవ్” కాదు గదా, “అ” కూడా రావడం లేదు.

వరసలో మొదటివాడు ఐదో తరగతి బక్క పిల్లోడు. సిస్టరమ్మ అరవదని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. వాడి పెదవి వణకడం మొదలైంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సిస్టరమ్మ సూది పట్టుకుని, ఏం చెయ్యాలో తోచక నా వంక చూసింది. నేను గొంతు సవరించుకున్నాను, కానీ సైన్సు సార్లకు అంత తొందరగా కేక రాదు.

“అమ్మోవ్!” అని పిడుగు పడ్డట్టు వినబడింది. “సచ్చిపోతి! పట్టుకోండ్రో!”

ఓబుళప్ప! ఊరందరి ముందర, పట్టపగలు, మీసం మీద చెయ్యేసుకుని మరీ అరుస్తున్నాడు. పిల్లోడు నోరు తెరిచి ఆయన్నే చూస్తుండగానే సూది దిగిపోయింది, తీసేయడమూ అయింది. వరస వరసంతా పగలబడి నవ్వింది. ఆయన ప్రతి పిల్లకూ అట్లాగే అరిచాడు, చివరి పిల్లదాకా.

అప్పుడు ఆయన వంతు వచ్చింది. చొక్కా చెయ్యి పైకి మడుచుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఈసారి కిటికీ వెయ్యమనలేదు. కానీ మొహం మళ్ళీ సున్నమయింది. సిస్టరమ్మ పిల్లల వైపు తిరిగి, మాస్కు కిందికి లాగి, చెయ్యి ఎత్తింది.

పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు. వంటగదిలోంచి యల్లక్క అరిచింది. గిరి ఈల ఊదాడు. నేను కూడా అరిచాను, వచ్చినంత. ఆ గోలలో ఓబుళప్ప గొంతు ఏదో ఎవరికీ తెలియలేదు.