రాజవ్వ తెచ్చిన మంగలి కత్తి

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, వాళ్ల చేత లేవనిపించేదాకా వదలని మనిషిని నేను. ఉన్నాయని ఇప్పుడూ అనను. జరిగింది చెప్తాను, అంతే.

కామారెడ్డిలో నాకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. పాత మంగలి కత్తులు సేకరించి, తుప్పు వదిలించి, పదును పెట్టి దాచుకోవడం నా పిచ్చి. నలభై దాకా ఉన్నాయి. నేనేమో గడ్డం పెంచుతాను. అందుకే మా ఆవిడ ఎప్పుడూ ఎద్దేవా చేస్తుంది.

ఈ సంగతి విని ఎల్లారెడ్డి నుంచి రాజవ్వ వచ్చింది. ఆమె భర్త నర్సయ్య బతికినన్నాళ్లూ క్షవరాలు చేసి, పోయినేడు చనిపోయాడు. ఆయన కత్తి తెచ్చి నా ముందు పెట్టింది. ఎర్రగా తుప్పు పట్టి ఉంది.

"మనుమని పుట్టెంటికలు నేనే తీస్త అంటుండె బిడ్డా. వాడు పుట్టకముందే పాయె. గీ కత్తన్న వాని నెత్తికి తాకాలె. సోమారం పెట్టుకున్నం" అంది.

పుట్టువెంట్రుకలు తీయడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. చేసిస్తానని మాటిచ్చాను.

తుప్పు ఒక్క పూటలో పోయింది. పదును మాత్రం రాలేదు. సానరాయి మీద నూరాను, తోలు పట్టా మీద రుద్దాను. వెంట్రుక ఆనిస్తే తెగాలి, ఇది వంగి జారిపోయేది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. షాపు మూసేసి మరీ కూర్చున్నాను. నలభై కత్తులు లొంగాయి, ఇదొక్కటి లొంగదా అని కసి. ఆదివారం సాయంత్రానికి వేళ్లు బొబ్బలెక్కాయి. మొండి కత్తి పసివాడి తల మీద పెట్టలేం. కాలేదని ఆ ముసలామెకు ఎలా చెప్పాలో తెలియక ఏడుపొచ్చింది. కత్తిని నల్లగుడ్డలో చుట్టి, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది.

సోమవారం పొద్దున ఇంకోసారి నూరి చూద్దామని పెట్టె తీశాను. గుడ్డ తడిగా ఉంది. కత్తికి సబ్బు నురగ అంటుకుని ఉంది. గుడ్డ నిండా గీసిన గడ్డం తాలూకు పొట్టి వెంట్రుకలు. అన్నీ తెల్లవి. మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే, ఇద్దరికీ ఒక్క తెల్ల వెంట్రుక లేదు.

కత్తి కడిగి నా చేతి మీది వెంట్రుకకు ఆనించాను. తెగింది. అబద్ధమెందుకు, దాన్ని మళ్లీ పెట్టెలో పడేసి తాళం వేద్దామనిపించింది.

అయినా మాట మాటే. మొదటి బస్సుకే ఎల్లారెడ్డి వెళ్లాను. రాజవ్వ కొడుకు రవికి అక్కడ సెలూన్ ఉంది. తన కొడుకు తల ఆ కత్తితో తనే గీశాడు. ఒక్క గాటు పడలేదు. పిల్లవాడు రాజవ్వ ఒళ్లో ఏడవకుండా కూర్చున్నాడు.

నేనేమీ చెప్పకుండా, పసిపిల్లలకు తీసేటప్పుడు నర్సయ్యకు ఏదైనా పద్ధతి ఉండేదా అని రాజవ్వను అడిగాను.

"ఉండకేంది? పసిపోరగాండ్ల నెత్తి ముట్టే ముందు గదే కత్తితోని తన గడ్డం గీసుకునేటోడు. తెగితే నాకే తెగాలె, పోరగానికి తెగొద్దు అనేటోడు."

తర్వాత నా రెండు చేతులూ పట్టుకుంది. "ఎంత మంచిగ పదును పెట్టినవ్ బిడ్డా!"

సిగ్గేసింది. అయినా కాదనలేకపోయాను. పదును పెట్టింది నేను కాదని ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.