యాదవ్వ ఒప్పుకుంటేనే సంతకం

ప్రొఫెసర్ వెంకటనర్సయ్య సారు విద్యార్థుల థీసిస్ ఒంటరిగా చదివిన పాపాన పోలేదు. ఎవరి గురించి రాశారో వాళ్ల ముందే కూర్చుని పైకి చదివేవారు. దూలపల్లి కార్మికుల మీద రాస్తే మిషన్ల మోతలో గొంతు చించుకుని, లాల్‌గడి మలక్‌పేట్ రైతుల మీద రాస్తే టమాట చేను గట్టున నిలబడి. సారు పోయి ఏడాదైంది. తలుచుకుంటే ఆయన విద్యార్థిని భవానికి ఇప్పటికీ ముందు నవ్వే వస్తుంది.

భవాని రాసింది శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే కుటుంబాల గురించి. కాబట్టి ఆమె పాలిట పరీక్షాధికారి ఆ కుటుంబాల్లోని పెద్దావిడ యాదవ్వ. చేపల పొలుసు తీస్తూనే వినేది. సిద్ధాంతాల అధ్యాయం రెండో పేజీకే కునుకు తీసింది. సారు మార్జిన్‌లో ఎర్ర సిరాతో రాశారు: "ఇక్కడ యాదవ్వ నిద్రపోయింది. తగ్గించు." నలభై పేజీలు తొమ్మిదికి దిగేదాకా యాదవ్వ మేలుకోలేదు.

అసలు గండం చివరి అధ్యాయం. పట్టిన చేపలు కుప్పలు పోసి పంచేది మగవాళ్లేనని సారు ఇరవై ఏళ్ల కిందట పేరుమోసిన వ్యాసం రాశారు. కాదు, ఆడవాళ్లేనని భవానికి తేలింది. సోమవారం గడువు. సారు సంతకం పడకపోతే ఆరేళ్ల చదువు నీళ్లపాలు. అందుకని సారు పేరు మింగేసి, తప్పు రాసింది "ఒక పండితుడు" అని పెట్టింది.

శనివారం చెరువుగట్టున సారు ఆ వాక్యం రెండుసార్లు, గట్టిగా చదివారు. భవాని చెరువు ఎంత లోతుంటుందా అని చూసింది.

"గీ పిల్ల రాసిందే నిజం" అంది యాదవ్వ. "గా పండితుడు వచ్చిననాడు మేం ఆడోళ్లమంత మేడ్చల్ అంగడికి పోయినం. మా మొగోళ్లు ఉత్తగ పెద్దరికం జూపిచ్చుకున్నరు." కత్తి ఆపి సారు మొహంలోకి చూసింది. "నువ్వే గదా సారూ గాయన?"

"నేనే అవ్వా" అంటూ సారు మోకాలి మీదే కాగితం పెట్టి సంతకం చేశారు.

తిరిగి వస్తూ భవాని ఉక్రోషంగా అడిగింది, ఇంత సులువుగా ఒప్పుకునేవారు తనను ఇన్నాళ్లు ఎందుకు వణికించారని.

"నా గదిల సదివితే నా మొహం జూసి గా లైను కొట్టేస్తుంటివి" అన్నారు సారు. "యాదవ్వ ముందర నేను గూడ తప్పు రాసినోన్నే. గందుకే అందరిని ఇట్ల తీస్కపోత."

భవాని చివరి అధ్యాయం తర్వాత వ్యాసంగా పత్రికలో అచ్చయింది, ఈసారి సారు పేరు దాచకుండానే. సారు యాభై జిరాక్సులు తీయించి మేడ్చల్ బస్సులో పంచారు. వెనక సీట్లో భవాని ఫైలుతో మొహం కప్పుకుంది. మీది తప్పని రాస్తే మీరే పంచుడేందని కండక్టర్ బాలరాజు పరేషాన్ అయ్యాడు.

"మొన్నటిదాక నా స్టూడెంటు. ఇగ నాతోని కొట్లాడే మనిషి" అన్నారు సారు. "జర జల్దీ దింపు బాలరాజూ, జవాబు రాయాలె. మూడో పేజీల ఒక తప్పు దొరికింది."